బకెట్ మోయమన్నది నేనే

తెనాలిలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎనభైల చివరి రోజులు. నా ఉద్యోగం పేరు పలకడానికి అక్కడ చాలామందికి నోరు తిరిగేది కాదు. కొందరు "కరెంటు పెట్టే డాక్టరమ్మ" అనేవారు, కొందరు "ఎక్సర్‌సైజుల డాక్టరమ్మ" అనేవారు. నేను డాక్టర్ని కానని మొదటి నెల రోజులు ఓపిగ్గా చెప్పాను. తర్వాత మానేశాను. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశానని అప్పట్లో అనుకునేదాన్ని. నిజానికి ఆ పిలుపు బాగుండేది.

సోమవారం బాపట్ల, బుధవారం రేపల్లె వెళ్లేదాన్ని. మా డాక్టరుగారు రెండు ఊళ్లలోనూ అద్దెకు గదులు తీసుకుని వారానికోసారి రోగుల్ని చూసేవారు. ఆయన కారులో వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయేవారు. నేను పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో తిరిగొచ్చేదాన్ని. రేపల్లెలో నాకు ఇచ్చింది ఒక వరండా. అందులో ఒక చెక్క బల్ల, గోడకి తాడూ గిలకా, రెండు ఇసక సంచులు, నొప్పి కీళ్లకి కాపడానికి మైనం కరిగించే గిన్నె. అంతే సరంజామా.

వీటికి తోడు నా దగ్గర కాగితాలుండేవి. ఒక్కో కీలుకి ఒక్కో కాగితం. నడుముకొకటి, భుజానికొకటి, మోచేతికొకటి, మోకాలికొకటి. బొమ్మలు నేనే గీసి సైక్లోస్టైల్ మిషను మీద కాపీలు తీయించాను. ప్రతి బొమ్మ కిందా "పదిసార్లు, రోజుకు మూడు పూటలు" అని ఉండేది. వచ్చిన మనిషి బండి లాగేవాడైనా, బల్ల ముందు కూర్చునే గుమాస్తా అయినా, అవే పదిసార్లు, అవే మూడు పూటలు. ఆ కాగితాలంటే నాకు చాలా గొప్పగా ఉండేది.

ఒక బుధవారం ఒకావిడ మోచెయ్యి చూపించుకోవడానికి వచ్చింది. ఊరు భట్టిప్రోలు పక్కన. నలభై దాటి ఉంటాయి. నాట్లు వేసే ముఠాకి ఆవిడే పెద్ద. ఇరవైమంది ఆడవాళ్లని పోగేసి, రైతులతో కూలి మాట్లాడి, పొద్దున్నే పొలంలో దింపేది. నారు కట్టలు మోసుకుంటూ కాలవ గట్టు మీద జారి, కుడిచెయ్యి కింద పెట్టి పడింది. మోచేతి కీలు తప్పింది, చిన్న ముక్క విరిగింది. ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి ముందు తీసుకెళితే, ఆయన లాగి సరిచేసి రెండు రోజులు నూనె పెట్టి రుద్దాడు. వాపు తగ్గకపోయేసరికి మా డాక్టరుగారి దగ్గరికి వచ్చారు. ఆయన కీలు కూర్చోబెట్టి మూడు వారాలు పిండికట్టు వేశారు. కట్టు విప్పాక నాకు అప్పగించారు.

పక్కన భర్త ఉన్నాడు. పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడే మాట్లాడింది.

"ఏం చెయ్యాలో చెప్పండి డాక్టరమ్మా, చేస్తాను. నాట్లు మొదలయ్యేసరికి చెయ్యి వస్తే చాలు."

మోచేతి కాగితం తీసి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని తిప్పి చూసి భర్తకిచ్చింది. ఆయన కూడా తిప్పి చూశాడు. ఇద్దరికీ చదువు రాదని తెలుస్తూనే ఉంది. నేను ఒక్కసారి చేసి చూపించాను. "ఇలా వంచు, ఇలా చాపు. పదిసార్లు. మూడు పూటలు చెయ్యి" అన్నాను. ఆవిడ నాకన్నా దాదాపు ఇరవై ఏళ్లు పెద్దది. నేను "నువ్వు" అనే అన్నాను. అదే వారం బాపట్లలో భుజం పట్టేసిన రిటైర్డు హెడ్‌మాస్టరు గారొకరికి ముప్పావుగంట కూర్చుని, ఎముక ఎక్కడ, కండరం ఎక్కడ, ఎందుకు కదపాలి అంతా వివరించాను. "మీరు, మాస్టారూ" అంటూ. ఈవిడకి ఐదు నిమిషాలు కూడా ఇచ్చి ఉండను.

మొదటి రెండు వారాల్లో చెయ్యి కొంత వచ్చింది. మూడో వారం ఆగిపోయింది. కోణం కొలిచే పుల్ల పెట్టి చూస్తే పోయిన వారం ఎంతో ఈ వారమూ అంతే. ఆరోజు రోగులు ఎక్కువ. వరండాలో ఎండ పడుతోంది. సాయంత్రం రైలుకి ఇంకా అరగంటే ఉంది.

"చెయ్యడం లేదు కదూ?" అన్నాను.

"చేస్తన్నానమ్మా. నొప్పొచ్చిందాకా చేసి ఆపుతున్నా."

"నొప్పి వస్తే ఆపేస్తే ఎలా వస్తుంది? నొప్పి ఓర్చుకోవాలి. బకెట్లో సగానికి నీళ్లు పోసి, ఈ చేత్తో పట్టుకుని వేలాడేసి నిలబడు. పొద్దునో పావుగంట, సాయంత్రం పావుగంట. బరువుకి అదే చాపుకుంటుంది."

"అట్టా చెయ్యొచ్చామ్మా?"

"నేను చెబుతున్నాగా."

మోచేతిని అలా బలవంతంగా లాగకూడదు. దెబ్బతిన్న మోచేతిని లాగినా, రుద్దినా, బరువు వేలాడదీసినా, కండరంలో ఎముక పెరుగుతుంది. అది నేను చదివిన పుస్తకంలో ఉంది. దాని కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, రాశాను, మంచి మార్కులు వచ్చాయి. ఆరోజు వరండాలో అది గుర్తుకు రాలేదా, వచ్చినా తోసేశానా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆవిడ చెయ్యడం లేదనే కోపం మాత్రం బాగా గుర్తుంది. ఆవిడ చీటీ మీద "సహకరించడం లేదు" అని రాసి రైలుకి పరుగెత్తాను.

తర్వాతి బుధవారం ఆవిడ వచ్చినప్పుడు మోచెయ్యి వాచి ఉంది. ముట్టుకుంటే వేడిగా ఉంది. లోపల ఎక్కడో నాకు తెలిసింది. కానీ "కొత్తగా బరువు పట్టారు కదా, మొదట్లో అలాగే ఉంటుంది" అన్నాను. భయపడ్డప్పుడు నా నోట్లోంచి "మీరు" వచ్చింది. బకెట్ ఆపెయ్యమని చెప్పానా అంటే, చెప్పలేదు. ఆపమంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. "నీళ్లు కాస్త తగ్గించండి" అన్నాను. ఆ పై వారం బంధువుల పెళ్లని సెలవు పెట్టాను.

రెండు వారాల తర్వాత వెళ్లేసరికి డాక్టరుగారి గదిలో ఆవిడా, భర్తా కూర్చుని ఉన్నారు. డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మ్‌ని కిటికీకి ఎత్తిపట్టి చూస్తున్నారు. నేను గుమ్మంలోంచే చూశాను. మోచేతి ముందువైపు, ఏమీ ఉండకూడని చోట, తెల్లగా మబ్బులాంటిది ఉంది.

"ఈ చేత్తో బరువేమన్నా మోశావా అమ్మా?" అని అడిగారాయన.

"మోశానండి. బకెట్టు."

"ఎవరు మోయమన్నారు?"

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నా చేతిలో చీటీల కట్ట ఉంది. వాటిని వరసలో పెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"ఎవరూ చెప్పలేదండి," అందావిడ. "ఇంట్లో నీళ్లు లేకపోతే నేనే తెచ్చుకున్నా."

భర్త ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగాడు. "నీళ్లు నేను తేవడం లేదా? నిన్నెవడు మొయ్యమన్నాడు?" అని అరిచాడు. డాక్టరుగారు ఆయన్ని ఆగమని, ఇక ఆ చెయ్యి ఎవరూ ముట్టుకోకూడదనీ, కొన్నాళ్లు పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలనీ, తర్వాత చూద్దామనీ చెప్పారు. వాళ్లు లేచి నా పక్కనుంచే వెళ్లారు. వరండా మెట్ల దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగింది. నేను మైనం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి స్టవ్ వెలిగించుకున్నాను.

తర్వాత ఇంకో మూడు నాలుగుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా డాక్టరుగారే చూశారు. చివరికి చెయ్యి కాస్త వంగిన చోటే నిలిచిపోయింది. పూర్తిగా చాపలేదు, పూర్తిగా ముడవలేదు. నాట్లు ఆ యేడు ఆవిడ లేకుండానే అయిపోయాయి. ఆ తర్వాత రావడం మానేశారు.

అప్పుడు నన్ను నేను ఎలా సమాధానపరచుకున్నానో చెబితే సిగ్గుగా ఉంటుంది. కట్టు కట్టినాయన నూనెపెట్టి రుద్దాడు కదా, దానివల్లే అయి ఉంటుంది అనుకున్నాను. కీలు తప్పిన మోచేతులు కొన్ని ఎవరూ ఏమీ చెయ్యకపోయినా బిగుసుకుపోతాయి, ఇది అలాంటిదే అనుకున్నాను. ఇవి అబద్ధాలు కావు. నాదే తప్పని ఇవాళ కూడా ఏ డాక్టరూ రూఢిగా చెప్పలేడు. ఆ అనుమానాన్ని తలకింద పెట్టుకుని ఐదారేళ్లు నిద్రపోయాను. ఈలోపు పెళ్లయింది. తెనాలిలోనే సొంతంగా ఒక గది తీసుకున్నాను. బాపట్లకి మాత్రం వారానికోసారి వెళ్లడం మానలేదు. కాగితాలు ఇవ్వడం ఎప్పుడో మానేశాను. మోచేతి కేసు వస్తే మాత్రం చెయ్యి పట్టుకునే ముందు అరచేతులు చెమట పట్టేవి.

తొంభైలు సగానికి వచ్చాక ఒక సోమవారం బాపట్లలో నడుం నొప్పితో ఒక అమ్మాయి వచ్చింది. ఏం పని చేస్తావు, ఎలా కూర్చుంటావు, ఎంత బరువెత్తుతావు అని అడిగాను. అప్పటికి అలా అడగడం నేర్చుకున్నాను. పిల్లాణ్ణెత్తుకుని పంపు దగ్గర్నుంచి నీళ్లు తెస్తానంది. కొన్నాళ్లు నీళ్లు వేరేవాళ్ల చేత తెప్పించుకోమన్నాను.

"అమ్మో, మోయనండి," అంది నవ్వుతూ. "మా పెద్దమ్మ అట్టాగే చెయ్యి పోగొట్టుకుంది. డాక్టరు వద్దన్నా వినకుండా నీళ్లు మోసిందంట. ఇప్పటికీ మా పెదనాన్న తిడతానే ఉంటాడు, నీ పొగరుకి నీ చెయ్యి పోయింది, ఇంటి కూలి పోయింది అని."

ఏ ఊరని అడిగాను. భట్టిప్రోలు పక్కన అంది.

"ఇప్పుడెలా ఉంటారు?"

"కుడిచెయ్యి నోటిదాకా రాదండి. ఎడంచేత్తో తింటది. అందుకని పెళ్లిళ్లకి వచ్చినా పంక్తిలో కూర్చోదు. ఆకలిగా లేదంటది, ఇంటికెళ్లి తింటది."

ఆ అమ్మాయికి నడుం వ్యాయామం మూడుసార్లు తప్పు చెప్పి, మూడుసార్లు దిద్దుకున్నాను. చెయ్యి పోయిన సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఏళ్ల తరబడి ఆవిడ మాటలు పడుతోందన్న సంగతి తెలియదు. చెయ్యి విషయంలో నాకొక అనుమానం అండగా ఉంది. ఈ రెండోదానికి ఏ అనుమానమూ లేదు. నేను నోరు విప్పి ఉంటే ఆవిడ ఆ మాటలు పడేది కాదు.

అయినా వెంటనే వెళ్లలేదు. రెండు నెలలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున రేపల్లె బస్సెక్కి భట్టిప్రోలులో దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్లాను. ఊళ్లో చర్చి వదిలిన వేళ. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్లు గుంపులుగా నడుస్తున్నారు. అడిగితే ఇల్లు చూపించారు. రెండు గదుల కాలనీ ఇల్లు, ముందు రేకుల పంచ. పంచలో నలుగురైదుగురు చంటిపిల్లలు పాకుతున్నారు. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని, ఒక పిల్లకి ఎడమచేత్తో అన్నం పెడుతోంది. ముఠా వదిలేశాక, ఇంటి చుట్టుపక్కల తల్లులు పనికి వెళితే వాళ్ల పిల్లల్ని చూసుకుంటోందని తర్వాత తెలిసింది. ఆదివారం కూడా ఆ పిల్లలు ఆవిణ్ణి వదలరట.

నన్ను చూడగానే పోల్చుకుంది. "రేపల్లె డాక్టరమ్మ కదూ" అంది.

"నేను డాక్టర్ని కాదక్కా," అన్నాను. ఎన్నో ఏళ్లకి ఆ మాట అన్నాను.

భర్త లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. జుట్టు బాగా నెరిసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది.

"అన్నయ్యగారూ, ఆరోజు డాక్టరుగారి దగ్గర అక్క అబద్ధం చెప్పింది. బకెట్ మోయమన్నది నేనే. అది తప్పని నాకు తెలిసుండాలి. డాక్టరుగారు అడిగినప్పుడు నేను చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆయన కాసేపు నా వైపు, తర్వాత ఆవిడ వైపు చూశాడు.

"విన్నావుగా," అందావిడ భర్తతో. అంతే అంది. గొంతు పెంచలేదు.

ఆయన నోరు తెరిచి, "మరి నువ్వు..." అని ఆగిపోయాడు.

"చెప్పాను. ఆ రాత్రే చెప్పాను. డాక్టరు ముందు ఒక మాట, ఇంటికొచ్చి ఒక మాటా అని కొట్టబోయావు. ఇంకెప్పుడూ చెప్పలా."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని బయటికి నడిచాడు. వీధి మలుపు దాకా కనిపించాడు.

కుర్చీలో కూర్చున్నాను. "నా పేరు ఎందుకు చెప్పలేదక్కా?" అని అడిగాను. అడగడానికి నాకేం హక్కుందో అప్పుడు ఆలోచించలేదు.

"నీ మొహం తెల్లబోయింది," అందావిడ. మొదటిసారి నన్ను "నువ్వు" అంది. "పెళ్లికాని పిల్లవి, ఉజ్జోగం పోద్దేమో అనుకున్నా. డాక్టరు ముందు చెప్పలేకపోయినా, బయటికొచ్చాక మా ఆయనకన్నా చెప్తావులే అనుకున్నా. మెట్ల దగ్గర ఆగా. లోపలికెళ్లిపోయావు."

"తప్పయిందక్కా."

"తప్పే."

ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. పిల్ల మూతి తుడిచి, గిన్నె పక్కన పెట్టి, నా ఏడుపు అయ్యేదాకా ఊరుకుంది.

గుంటూరులో తెలిసిన సర్జన్ ఉన్నారనీ, పెరిగిన ఎముక తీసేస్తే చెయ్యి కొంతైనా వంగొచ్చనీ, నోటిదాకా రావచ్చనీ, ఖర్చంతా నేను చూసుకుంటాననీ చెప్పాను. బస్సులో వస్తూ అంతా ఆలోచించి పెట్టుకున్న మాటలు. ఆవిడ పూర్తిగా విని, బిగుసుకున్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని నిమురుకుంది.

"వద్దమ్మా. ఈ చెయ్యి ఇంకెవరికీ ఇవ్వను."

ఇంకోసారి అడగబోయాను. "వద్దన్నాగా" అంది.

లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆవిడే ఆగమంది. పక్కింటి వైపు తిరిగి కేకేసింది. యాభై ఏళ్ల మనిషి ఒకామె కుంటుకుంటూ వచ్చింది. ఒకప్పుడు ముఠాలో పనిచేసినామె. మోకాలు నొప్పి, కింద కూర్చుంటే లేవలేదు.

"దీని మోకాలు చూడు," అందావిడ నాతో. "నేనిక్కడే కూర్చుంటా."

పరీక్ష అంటే ఏంటో ఆరోజు తెలిసింది. పక్కింటామెని మంచం మీద కూర్చోబెట్టి, మోకాలు మీద చెయ్యి వేశాను. పొద్దున్నే ఎప్పుడు లేస్తారు, ఎంతదూరం నడుస్తారు, పొలంలో ఎంతసేపు వంగి ఉంటారు, ఎప్పుడు నొప్పి ఎక్కువ, అన్నీ అడిగాను. మోకాలి కింద మడతపెట్టిన గుడ్డ పెట్టి మెల్లగా నొక్కమన్నాను. తర్వాత కాలు మెల్లగా చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచమన్నాను.

"దానికి అంకెలు రావు," అందావిడ గోడ దగ్గర్నుంచి. "వేరే ఏదన్నా చెప్పు."

చర్చిలో ప్రార్థన అయ్యాక అనే ఆమెన్‌ని ఒక్కో వేలు ముడుస్తూ, ఐదు వేళ్లూ అయ్యేదాకా మెల్లగా అనుకోమన్నాను. పక్కింటామె నవ్వి, అలాగే చేసింది.

"ఎన్నిసార్లు?" గోడ దగ్గర్నుంచే ఆవిడ అడిగింది.

"పొద్దున పనికి వెళ్లే ముందు రెండుసార్లు. రాత్రి పడుకునే ముందు రెండుసార్లు. వచ్చేవారం చూసి పెంచుదాం."

"నొప్పొస్తే?"

"ఆపెయ్యాలి."

"దానికి చెప్పు, నాకు కాదు."

పక్కింటామె కళ్లలోకి చూసి చెప్పాను. నొప్పొస్తే ఆపెయ్యండి, ఎవరు చెప్పినా సరే ఆపెయ్యండి అని. ఆవిడ ఊరుకోలేదు. ఆ మాట పక్కింటామె చేత రెండుసార్లు అనిపించింది. కాలు ఎలా చాపాలో, ఎప్పుడు ఆపాలో మొదట్నుంచీ చేయించి చూసింది. ముఠాలో కొత్తగా చేరినవాళ్లకి నారు ఎలా పట్టాలో నేర్పేటప్పుడు ఆవిడ అలాగే ఉండేదేమో.

నేను బయల్దేరేటప్పటికి భర్త ఇంకా రాలేదు. మళ్లీ రమ్మని ఆవిడ అనలేదు. రావద్దనీ అనలేదు. వచ్చేవారం మోకాలు చూడాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

వరసగా నాలుగు ఆదివారాలు వెళ్లాను. రెండో ఆదివారం భర్త ఇంట్లోనే ఉన్నాడు. కుర్చీ వేశాడు. ఆవిడకి మంచినీళ్లు తనే ముంచి ఇచ్చాడు. అది ముందునుంచీ ఉన్న అలవాటో, కొత్తదో నాకు తెలియదు, అడగలేదు. నాలుగో ఆదివారం పక్కింటామె కింద కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి చూపించింది.

"దీని మోకాలు బాగయిందమ్మా," అందావిడ.

సంతోషించాలో లేదో తెలియక నేను అలాగే నిలబడ్డాను.